మైకులో లేని తిట్టు

ఆ ఎండాకాలం నది మధ్యాహ్నం పూట వచ్చేది.

నది రావడమేమిటి, అది ఎక్కడికీ పోదు కదా అంటారేమో. మా దగ్గర పోతుంది. పైన ఆనకట్ట ఉంది. వానలు వెనకబట్టి గేట్లు దించేశాక కింద మాకు మిగిలేది ఇసుకే. మధ్యలో మోకాలి లోతు పాయ, దానికి అటూ ఇటూ తెల్లటి దిబ్బలు. ఆ ఇసుకలో గుంటలు తీసి, పాదులు కట్టి పుచ్చకాయలూ దోసకాయలూ పండించేవాళ్ళం. మళ్ళీ వానలు మొదలయ్యాక, ఎవరి సొత్తు వాళ్ళకి అప్పజెప్పినట్టు, నదిని నదికి ఇచ్చేసి గట్టెక్కేవాళ్ళం.

ఆనకట్ట దగ్గర కరెంటు తీసే మిషన్లున్నాయి. అవి తిరగాలంటే నీళ్ళు వదలాలి. పూర్వం దానికో వేళాపాళా ఉండేది. తెల్లవారుజామున, మావాళ్ళు ఇసుకలోకి దిగకముందే వదిలి మూసేసేవాళ్ళు. ఎండలు ముదురుతున్న కొద్దీ ఆ వేళ తప్పింది. పట్నంలో జనం ఏసీలు వేసుకునే సమయానికి ఇక్కడ గేట్లు లేవాలి. ఎండ నెత్తి మీదికి వచ్చినప్పుడే కదా ఎవరైనా ఏసీ వేసుకునేది. పట్నానికి చెమట పడితే మాకు నది వచ్చేదన్నమాట.

మా అత్త ఆనకట్ట ఆఫీసులో మైకులో మాట్లాడే మనిషి. ఊరంతా మైకమ్మ అనేవాళ్ళు. గట్టు పొడవునా స్తంభాలకి మైకులు కట్టి ఉండేవి. గేట్లు ఎత్తబోయే ముందు ఆవిడ మేడ మీది గదిలో కిటికీ ముందు కూర్చుని, రాసిచ్చిన కాగితం చదివేది. "నదిలో ఉన్నవారికి తెలియజేయునది ఏమనగా, కొద్దిసేపట్లో నీరు విడుదల చేయబడును. దయచేసి గట్టు మీదికి చేరుకోవలెను." ఇది రెండుసార్లు. ఆ చదువుకి ఇసుకలో ఒక్క ప్రాణీ కదిలేది కాదు. పొగరుతో కాదు. ఆ రెండు పిలుపులూ చేతిలో పని ముగించుకోమని చెప్పడానికే అని అందరికీ తెలుసు. ఆ తర్వాత ఆవిడ కాగితం పక్కన పడేసి, కిటికీలోంచి ఒక్కొక్కరినే చూస్తూ సొంత నోరు తెరిచేది.

"ఏరా పచ్చచొక్కా, నీకే. చెవుల్లో ఆ బిరడాలు పీకి ఎక్కు పైకి. సైకిలు తాతా, నీకు ఈత వచ్చేమో, నీ సైకిలుకి రాదు. దాన్ని కూడా తీసుకుపో."

అప్పుడు లేచేవాళ్ళు. ఇసుక ఖాళీ అయ్యిందని ఆవిడ గేట్లు తిప్పే కింది గదికి కబురు చేస్తేగానీ గేటు ఎత్తేవాళ్ళు కాదు. తిడుతోందంటే మన కోసం గేటు ఆగి ఉందని అర్థం. తిట్టడం ఆపిందంటే ఇక ఆగదని. ఏ పుస్తకంలోనూ లేని ఈ పద్ధతి మా ఊళ్ళో పాలు తాగే పిల్లలక్కూడా తెలుసు.

అందరికంటే ఆఖరున లేచేవాడు మా మామ. ఆయన పాదులు పాయకి అవతల పెద్ద దిబ్బ మీద. మొదటి తిట్టుకి నడుం ఎత్తేవాడు, రెండో తిట్టుకి బుట్ట ఎత్తేవాడు, మూడోదానికి కాలు కదిపేవాడు. "ఏమయ్యా పెద్దమనిషీ" అని ఆవిడ మొదలుపెట్టిందంటే గట్టు మీద కొట్లవాళ్ళందరూ పని ఆపి వినేవాళ్ళు. కాపురానికి వచ్చిన కొత్తలో నేను సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. నాలుగు గోడల మధ్య ఉండాల్సిన సంసారం నది పొడవునా వినిపిస్తుంటే కోడలు ముఖం ఎక్కడ పెట్టుకోవాలి? మామకి మాత్రం చీమ కుట్టినట్టయినా ఉండేది కాదు.

"పెళ్ళాం మాటకి విలువిచ్చేవాణ్ణి ఈ ఊళ్ళో నేనొక్కణ్ణేనమ్మా" అనేవాడు నాతో. "కాకపోతే వాయిదాల మీద ఇస్తాను."

ఆ ఏడు ఎండలు ఇంకా మొదలవకముందే అత్త ఉద్యోగం అయిపోయింది. వయసూ అయింది, ఆ పోస్టూ ఎత్తేశారు. ఇక గేట్లు ఎప్పుడెత్తాలో, ఎంతెత్తాలో ఎక్కడో దూరాన ఉన్న యంత్రం చూసుకుంటుందట. పట్నంలో ఎన్ని ఏసీలు తిరుగుతున్నాయో దానికి ఎప్పటికప్పుడు తెలుస్తుందట. మైకులో మాట్లాడేదీ అదే. కాకపోతే జనానికి అలవాటైన గొంతు పోకూడదని, అత్త గొంతునే పట్టి పెట్టుకుంటామన్నారు.

ఆ పనికి వచ్చిన ఇంజనీరమ్మ చిన్నపిల్ల. మర్యాద తెలిసిన పిల్ల కూడా. తోడుకి నేనూ వెళ్ళాను. గోడలకి పరుపులు అతికించిన గది, మధ్యలో కుర్చీ, ఒక మైకు. అత్త పిలుపు చదివింది. తప్పు పోలేదు, తడబడలేదు. ఇంజనీరమ్మ సంతోషించి, ఆ తర్వాత కాస్త మొహమాటంగా అడిగింది.

"ఆ తిట్లు కూడా కావాలండీ. అవి లేకపోతే జనం లేవరని విన్నాను."

"ఎవర్ని తిట్టమంటావమ్మా?" అంది అత్త.

"ఎవర్నైనా సరే. మామూలుగా ఎలా తిడతారో అలాగే."

అత్త గొంతు సవరించుకుంది. "ఏమయ్యా" అని ఆగిపోయింది. మళ్ళీ మొదలుపెట్టి మళ్ళీ ఆగింది. "ఎదురుగా మనిషి లేడు కదమ్మా. తిట్టు ఊరికే రాదు. వాడక్కడ ఏదో వెధవ పని చేస్తుండాలి, ఇక్కడ నాకు ఒళ్ళు మండాలి."

"పోనీ నన్ను తిట్టండి."

"నువ్వేం చేశావని? కుర్చీ వేశావు, మంచినీళ్ళిచ్చావు."

"నన్ను తిట్టండి అత్తయ్యా, మీకు అలవాటేగా" అన్నాను నేను.

"నిన్ను ఇంటికెళ్ళి తిడతాను. పరాయివాళ్ళ ముందు కోడల్ని తిట్టేంత పాడు నోరు కాదు నాది."

ముగ్గురం నవ్వుకున్నాం. చివరికి ఆ పిల్లే అంది, తిట్టు లేకపోతే పోయె, పిలుపునే మూడుసార్లు వేద్దామని. అత్తకి ఒకటే సందేహం మిగిలింది. ఇసుకలో మనిషి ఉన్నదీ లేనిదీ ఆ యంత్రానికి ఎలా తెలుస్తుందని. ఇంజనీరమ్మ ఫోనులో ఓ బొమ్మ చూపించింది. నల్లటి ఇసుక, అందులో మనుషులు దీపాల్లా వెలుగుతున్నారు. ఒంట్లో వేడిని బట్టి కెమెరా కనిపెడుతుందట. ఒక్క మనిషి వెలుగుతున్నా గేటు లేవదట.

"అయితే నాకంటే నయమే" అంది అత్త. "నాకు పొద్దు వాలితే ఎవరు ఎవరో ఆనదు."

తిరిగే కాలూ తిట్టే నోరూ ఊరుకోవంటారు. ఇంట్లో కూర్చున్న అత్తకి పట్టుమని పది రోజులు గడవకముందే ఊపిరాడలేదు. గిన్నెలు తోమినవే తోమేది. మధ్యాహ్నం మైకు మోగేసరికి చేతిలో పని వదిలేసి గుమ్మంలోకి వచ్చి నిలబడేది. తన గొంతు తనకే బయటి నుంచి వినబడుతుంటే ఆవిడ ముఖం అదోలా అయ్యేది.

"ఇదేంట్రా, ఇంత మెత్తగా ఉంటుందా నా గొంతు?" అని అడిగింది ఓసారి మా ఆయన్ని.

"నువ్వు కాగితం చదివేటప్పుడు అంతేనమ్మా" అన్నాడు.

మా ఆయన ఏసీలు బిగించేవాడు. ఆ ఏడు ఆయనకి తిండి తినే తీరిక లేదు. పొద్దున్నే నిచ్చెన బండి మీద కట్టుకుని పోతే దీపాలు పెట్టాక రావడం. ఎండలో గోడలకి వేలాడి వేలాడి వీపంతా కమిలిపోయేది. పూర్వం డబ్బున్నవాళ్ళ ఇళ్ళకే వెళ్ళేవాడు. ఇప్పుడు రేకుల ఇళ్ళవాళ్ళూ, ఒంటిగది కాపురాలవాళ్ళూ పిలుస్తున్నారు. ఏసీ లేకపోతే చంటిపిల్లలు బతకరు అన్న పరిస్థితి వచ్చింది. కాదనడానికి నోరెలా వస్తుంది?

"బాగుందిరా" అనేవాడు మామ. "నువ్వు పొద్దున బిగించి రా. మధ్యాహ్నానికి అది నా పాదుల మీదికి నీళ్ళు పంపిస్తుంది."

అది నవ్వులాటకే. అప్పుడు అందరం నవ్వాం.

నవ్వని మనిషి అత్త ఒక్కతే. ఇసుకలో ఏం జరుగుతోందో ఆవిడ గట్టు మీదికి వెళ్ళి చూసి వచ్చేది. మూడు పిలుపులయ్యేవి. జనం లేచేవాళ్ళు కాదు. ఆఫీసు కిటికీ వైపు చూసేవాళ్ళు. కిటికీలో ఎవరూ ఉండరని తెలిసినా చూసేవాళ్ళు. తిట్టు రాలేదు కాబట్టి ఇంకా వ్యవధి ఉందని వాళ్ళ ఒళ్ళు చెప్పేది. దానికి తగ్గట్టు గేటు కూడా నిజంగానే లేచేది కాదు. కెమెరాలో మనుషులు వెలుగుతున్నారుగా. వీళ్ళు తీరిగ్గా కాయలు కోసుకుని, ఎండ భరించలేక ఎక్కాక అప్పుడు నీళ్ళు వచ్చేవి. రోజురోజుకీ తీరిక పెరిగింది.

ఓ సాయంత్రం అన్నాలు తింటుండగా అత్త కదిపింది.

"మూడుసార్లు చెబుతోంది కదయ్యా. ఎక్కకూడదా?"

"చెబుతోంది" అన్నాడు మామ. "తిట్టట్లేదుగా."

"అది తిట్టదు. దానికి తిట్టడం రాదు."

"అందుకే దాని మాట మీద నాకు గురి లేదు. మనిషికి ఒళ్ళు మండిందంటే నిజంగా ముంచుకొస్తోందని అర్థం. దీనికి ఒళ్ళే లేదు, మండడానికి."

"నాన్నా, యంత్రం అబద్ధం చెప్పదు" అన్నాడు మా ఆయన.

"చెప్పదురా. కంగారూ పడదు." మామ చెయ్యి కడుక్కుని లేచాడు. "ఇన్నేళ్ళ అలవాటు. తిట్టు వినబడనిదే నా కాళ్ళు లేవవు. ఏం చెయ్యను?"

అత్త ఆ పూట అన్నం సగంలో వదిలేసింది. మర్నాడు ఆనకట్ట ఆఫీసుకి వెళ్ళి, జీతం వద్దు, ఊరికే కిటికీ దగ్గర కూర్చుంటానని అడిగింది. కూర్చోవచ్చట, కానీ మైకు తీగ ఇప్పుడు ఆ గదికి లేదట. ఇంటికి వచ్చి నాతో ఆ మాట చెప్పి, గోడకి చేరగిలబడి కళ్ళు మూసుకుంది.

ఎండలు ముదిరాయి. పొద్దెక్కితే చాలు వీధుల్లో మనిషి కనబడేవాడు కాదు. ఏ ఇంటి గోడ చూసినా ఏసీ పెట్టె వేడిగాలి ఊదుతుండేది. వీధిలో నడుస్తుంటే రెండు వైపుల నుంచీ మొహానికి కొట్టేది. లోపలివాళ్ళు చల్లబడే కొద్దీ బయటివాళ్ళకి మంట పెరిగేది. మా ఇంట్లో మాత్రం ఏసీ లేదు. బిగించేవాడి ఇంట్లో ఎందుకు ఉంటుంది?

గట్టు వాలులో నాకు పుచ్చకాయల కొట్టు ఉండేది. నాలుగు కర్రలు పాతి పైన పట్టా కట్టుకున్న కొట్టు. ఆ రోజు కోసిపెట్టిన ముక్క పెట్టినట్టే వడిలిపోతోంది. కొనేవాళ్ళు లేరు. కాకులు కూడా ఆకుల్లోంచి బయటికి రాలేదు. ఇసుక మీద గాలి నీళ్ళలా కదులుతోంది. మామ పొద్దున్నే కాళ్ళకి తడిగుడ్డలు చుట్టుకుని దిబ్బ మీదికి పోయాడు. కాయలు ఎండకి తీగ మీదే ఉడికిపోతున్నాయి, ఇవాళ ఎలాగైనా కొయ్యాలన్నాడు.

మొదటి పిలుపు వినబడేసరికి అత్త మామకి అన్నం పట్టుకుని నా కొట్టు దాకా వచ్చింది. ఆగి వింది.

"ఎక్కండయ్యా, ఎక్కండి" అని గట్టు మీంచి కేకేసింది.

"ఎత్తదులే మైకమ్మా" అన్నాడు కింద నుంచి సైకిలు తాత. "మేం ఇంతమంది ఉన్నాంగా."

రెండో పిలుపు అయింది. ఇవతలి ఒడ్డున ఉన్నవాళ్ళు బద్ధకంగా బుట్టలు సర్దుకుంటున్నారు. అవతల దిబ్బ మీద మామ వంగి ఉన్నాడు. మూడో పిలుపు మొదలైంది. అది సగంలో ఉండగానే పై నుంచి ఓ చప్పుడు వచ్చింది. గేటు లేచే చప్పుడు. నాకు వెంటనే తెలియలేదు. అత్తకి తెలిసింది. జీవితమంతా ఆ చప్పుడు పక్కనే బతికిన మనిషి.

"ఏమయ్యా" అని అరిచింది. ఆవిడ అంత గట్టిగా అరవడం నేను మైకులో కూడా వినలేదు. కానీ మేం నిలబడ్డది సరిగ్గా స్తంభం కింద. మా తల మీద మైకులో ఆవిడ గొంతే, మెత్తగా, మర్యాదగా, తెలియజేయునది ఏమనగా అంటోంది. కింద ఆవిడ తిడుతోంది, పైన ఆవిడ చదువుతోంది. పై గొంతు కింది గొంతుని మింగేసింది. నేను కూడా అరిచాను. నా అరుపు నాకే వినబడలేదు.

మామ నడుం ఎత్తి మా వైపు చూశాడు. భార్య గట్టు మీద నిలబడి చేతులు ఊపుతోంది. అన్నం తెచ్చి పిలుస్తోందనుకున్నాడు. రెండు చేతులతో ఓ పెద్ద కాయ ఎత్తి చూపించాడు, ఇది తెస్తున్నా ఆగు అన్నట్టు. ఆ కాయని జాగ్రత్తగా బుట్టలో పెట్టడానికి మళ్ళీ వంగాడు.

ఇవతలి ఒడ్డున ఉన్నవాళ్ళందరూ నడుముల దాకా తడిసి ఎక్కారు. సైకిలు తాత సైకిలు వదిలేసి ఎక్కాడు. అవతలి దిబ్బ మీద కాసేపు తీగలు నీళ్ళ పైన ఆడాయి. ఆ తర్వాత అవి కూడా కనబడలేదు.

మామ రెండో రోజున కింది వంతెన దగ్గర దొరికాడు.

ఇంజనీరమ్మ మా ఇంటికి వచ్చింది. ఆఫీసు పంపలేదు, తనంతట తనే వచ్చింది. కుర్చీ వేస్తే కూర్చోకుండా నేల మీద అత్తకి ఎదురుగా కూర్చుంది. తర్వాత చెప్పింది.

"ఆ రోజు ఇసుక మనిషి ఒంటికంటే వేడెక్కిపోయిందండీ. కెమెరాకి అంతా ఒకటే వెలుగు. ఆ వెలుగులో మనుషులు ఎవరూ విడిగా కనబడలేదు."

"అంటే ఆయన అక్కడ లేడనుకుంది" అంది అత్త.

"అవునండీ."

"అక్కడ అంతమంది ఉంటే ఎవరూ లేరనుకుంది."

ఆ పిల్ల తల ఊపింది. "అంత వేడి ఇంకా చాలా ఏళ్ళకి గానీ రాదని మా పైవాళ్ళు లెక్క వేశారు. ముందే వచ్చేసింది."

నాకు మండింది. వేడి ముందే వచ్చేస్తే గేటు కాసేపు ఆగకూడదా అని అడిగాను. పట్నంలో ఆస్పత్రులు కూడా ఆ కరెంటు మీదే నడుస్తున్నాయని ఆ పిల్ల నెమ్మదిగా చెప్పింది. గోడ పక్కన కూర్చున్న మా ఆయన ఫోను మోగింది. తీసి చూసి, పక్కన పెట్టేశాడు. ఆ రోజు నుంచి ఆయన పనికి పోవడం మానేశాడు. ఫోను మాత్రం మోగుతూనే ఉండేది. ఎండలు తగ్గలేదు కదా.

ఇంజనీరమ్మ వెళ్ళేముందు అడిగింది. ఇకపై కెమెరాని నమ్మరట. మూడు పిలుపులు, ఆపైన కాస్త వ్యవధి, ఇసుకలో ఎవరున్నా లేకున్నా గేట్లు. అంతే. అందుకని మూడో పిలుపు తర్వాత తిట్టు ఒకటి ఉంటే బాగుంటుందని. "అడగడానికి నాకు నోరు రావట్లేదు. కానీ మీ గొంతుతో తిట్టు వినబడితేనే వాళ్ళు లేస్తారు."

నేను కాదనబోయాను. అత్త అప్పటికే లేచి నిలబడింది.

అదే పరుపుల గది, అదే మైకు. ఈసారి అత్తకి ఎదురుగా మనిషి కావాలేమోనని నేను ఓ కుర్చీ లాక్కుని కూర్చున్నాను. అత్త నా వంక చూసి, "నువ్వు లేమ్మా" అంది. లేచి గోడ దగ్గరికి జరిగాను. ఆవిడ ఆ ఖాళీ కుర్చీ వంక చూసింది. చూస్తూ ఉండగా ముఖంలోకి నెత్తురు పొంగింది.

"ఏమయ్యా పెద్దమనిషీ, నీకే చెప్పేది. ఎన్నిసార్లు పిలవాలి నిన్ను? తీగ మునిగితే మళ్ళీ నాటుకుంటాం. నువ్వు మునిగితే నిన్నెక్కడ నాటమంటావు? కాయా వద్దు, బుట్టా వద్దు. రా పైకి. వస్తావా, నన్ను దిగి రమ్మంటావా?"

ఇంజనీరమ్మ కళ్ళు తుడుచుకుని, ఉద్యోగం చేసే మనిషి కదా, నెమ్మదిగా అంది. "చాలా బాగా వచ్చిందండీ. మార్చి మార్చి వెయ్యడానికి ఇంకో రెండు మూడు..."

"అయిపోయింది" అంది అత్త. లేచి బయటికి వచ్చేసింది. ఆ తర్వాత ఆవిడ నోట మాటలు తగ్గిపోయాయి. నన్ను తిట్టడం మానేసింది. కూర మాడ్చినా తిట్టలేదు. తిట్టమని అడగాలనిపించేది నాకు.

ఆ తిట్టు మైకులో మొదటిసారి మోగిన మధ్యాహ్నం ఇసుక ఒక్క ఊపున ఖాళీ అయింది. చనిపోయినవాణ్ణి పిలుస్తున్న ఆ పిలుపుకి జనం ఒళ్ళు గగుర్పొడిచి, బుట్టలు వదిలేసి పరుగెత్తారు. పచ్చచొక్కావాడు గట్టెక్కి ఏడ్చాడు. అత్త గుమ్మంలో నిలబడి వింది. తలుపు వేసుకుంటారా అత్తయ్యా అని అడిగితే, వద్దు, పని చేస్తోందిగా, ఉండనీ అంది.

కొన్నాళ్ళు పని చేసింది. ఎండ తగ్గలేదు, గేట్లు రోజూ లేస్తున్నాయి, తిట్టు రోజూ వినబడుతోంది. అదే మాట, అదే విరుపు, అదే చోట ఊపిరి. ఇసుకలో ఎవరూ లేకపోయినా తిట్టేది. తిట్టు తర్వాత కూడా నీళ్ళు మా దాకా రావడానికి ఓ బీడీ కాల్చుకునేంత సేపు పడుతుందని ఎవరో కనిపెట్టారు. పరుగు నడక అయింది. నడక నిలబడటం అయింది. కుర్రకారు ఆ తిట్టుని ఫోనులో పట్టుకుని రింగుటోనుగా పెట్టుకున్నారు. సంతలో ఎవడి జేబులోంచో "ఏమయ్యా పెద్దమనిషీ" అని మా అత్త గొంతు వినబడితే నేను బుట్ట అక్కడే పెట్టేసి వచ్చేశాను.

వేసవి చివరికి వచ్చింది. మామ దిబ్బ మీద సగం తీగలు కొట్టుకుపోయినా, మిగిలినవి ఇసుకలోంచి మళ్ళీ చిగిర్చి నాలుగు కాయలు కాశాయి. వాటిని కొయ్యడానికి మా ఆయన బయల్దేరాడు. వద్దన్నాను. "నాన్న పెట్టిన పాదులు. కుళ్ళిపోనిస్తానా?" అన్నాడు. అత్త వద్దనలేదు. చెప్పులు వేసుకుని నాతో పాటు గట్టు మీదికి వచ్చింది.

మబ్బు లేదు, గాలి లేదు. దిబ్బ మీద మా ఆయన వంగి కాయలు తడుముతున్నాడు. వెనక నుంచి చూస్తే అచ్చం మామే. పాయకి ఇవతల ఇంకొంతమంది ఉన్నారు. మూడు పిలుపులూ అయ్యాయి. తిట్టు మొదలైంది. మా ఆయన నడుం ఎత్తాడు. తిట్టు అయిపోయింది. ఆయన మళ్ళీ వంగాడు.

నేను ఇక ఆలోచించలేదు. వాలులో జారి, ఇసుకలో పడి, లేచి, పాయ దాటి దిబ్బ ఎక్కాను. ఆయన నన్ను చూసి తెల్లబోయాడు. చెయ్యి పట్టుకుని లాగితే, బుట్ట అన్నాడు. బుట్టని కాలితో తన్నాను. ఆయన మణికట్టు వదలకుండా ఈడ్చుకొచ్చాను. వచ్చేటప్పుడు పాయ నా తొడల దాకా ఉంది.

గట్టెక్కి ఇద్దరం కూలబడ్డాం. ఆయన ఆయాసపడుతూనే నా మీద విసుక్కున్నాడు.

"ఎందుకంత కంగారు? వచ్చేవాణ్ణిగా. అమ్మ ఒకసారే కదా తిట్టింది. నాన్నని ఎప్పుడూ మూడుసార్లు తిట్టేది. రెండోదానికి లేద్దామనుకున్నా."

అత్త మా పక్కనే నిలబడి ఉంది. కొడుకు చెమట పట్టిన తల మీద చెయ్యి వేసింది.

"నేను తిట్టింది ఒక్కసారేరా" అంది. "ఆ పెట్టెలో ఇంకోటి లేదు."

మా ఆయన లేచి నిలబడి నది వైపు తిరిగాడు. ఇసుక మీద ఇంకా మనుషులున్నారు. పని ఆపి, నడుం మీద చేతులు పెట్టుకుని, మైకు స్తంభం వైపు చూస్తూ ఎదురుచూస్తున్నారు.